ఆగిన బెల్టును నమ్మవద్దు



ఈ రోజు మాట్లాడుకునే విషయం బెల్టు. బెల్టు అనగానే కొందరికి బెల్టు షాపు గుర్తుకొస్తుంది. ఆ బెల్టు సంగతి ఇంకోసారి. ఇది బరువులు మోసే బెల్టు. రాళ్లను, బొగ్గును, ధాన్యాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరవేసే రబ్బరు బెల్టు. దీన్ని కన్వేయర్ బెల్టు అంటారు.

సింగరేణి గనుల్లో బొగ్గు బెల్టుల మీద బయటికి వస్తుంది. విశాఖపట్నం రేవులో ఇనుప ఖనిజం బెల్టుల మీద ఓడకు చేరుతుంది. సిమెంటు ఫ్యాక్టరీల్లో బెల్టులు ఉంటాయి. మన ఊళ్ల పక్కన, గుట్టల దగ్గర ఉండే కంకర మిల్లుల్లోనూ ఉంటాయి. కంకర మిల్లునే క్రషర్ అని కూడా అంటారు.

క్రషర్‌లో ఎవరు ఏ పని చేస్తారు? చాలా చోట్ల మిషను నడిపేది మగవాళ్లు. మిషను కింద ఊడ్చేది ఆడవాళ్లు. బెల్టు మీద నుంచి రాలిన రాళ్లు ఎత్తాలి. పేరుకున్న పొడి తీయాలి. చేతిలో పార ఉంటుంది, తట్ట ఉంటుంది, చీపురు ఉంటుంది. పక్కనే బెల్టు తిరుగుతూ ఉంటుంది. అందుకే బెల్టు గురించి ముందుగా తెలుసుకోవలసింది ఆడవాళ్లే.

బెల్టుకు నోరు ఎక్కడ ఉంది?

బెల్టుకు రెండు చివర్లలో రెండు పెద్ద డ్రమ్ములు ఉంటాయి. వాటిని పుల్లీలు అంటారు. పైన ఒకటి, కింద ఒకటి. మోటారు ఒక పుల్లీని తిప్పుతుంది. పుల్లీ తిరిగితే బెల్టు కదులుతుంది. మధ్యలో బెల్టు జారిపోకుండా చిన్న రోలర్లు ఉంటాయి. చూడడానికి ఇంతే. ఇందులో భయపడేది ఏముంది అనిపిస్తుంది.

చెరకు రసం బండిని అందరూ చూసే ఉంటారు. రెండు రోలర్ల మధ్య చెరకు మొన పెడితే చాలు. మిగతా గడ అంతా దానంతట అదే లోపలికి పోతుంది. ఎవరూ తోయనక్కర లేదు. బెల్టు పుల్లీ మీదికి ఎక్కే చోట కూడా అలాంటి నోరే ఉంది. అక్కడ వేలు మొన తగిలినా, కొంగు అంచు తగిలినా, మిగతాది అదే లాక్కుంటుంది. బరువు ఎక్కువగా ఉన్న చోట, రోలరుకూ బెల్టుకూ మధ్య కూడా ఇలాంటి నోరు ఉంటుంది.

"చెయ్యి తగిలితే వెంటనే లాక్కోవచ్చు కదా" అని కొందరు అంటారు. ఒక లెక్క చూద్దాం.

ఒక బెల్టు సెకనుకు ఒకటిన్నర మీటరు కదులుతుంది అనుకుందాం. అంటే నిమిషానికి 90 మీటర్లు. ఏదో తగిలిందని మనిషికి తెలియాలి. తెలిశాక చెయ్యి వెనక్కి తీయాలి. దీనికి అర సెకను నుంచి ముప్పావు సెకను పడుతుంది. ముప్పావు సెకనులో ఆ బెల్టు మీటరుకు పైగా పోతుంది. వేలి కొస నుంచి భుజం దాకా మన చెయ్యి ఎంత పొడవు? మీటరు కూడా ఉండదు.

చీర పొడవు ఎంత? సుమారు ఐదున్నర మీటర్లు. ఆ బెల్టుకు చీర మొత్తం లాక్కోవడానికి నాలుగు సెకన్లు కూడా పట్టదు. కేక వేసే లోపల అంతా అయిపోతుంది.

కాబట్టి బెల్టు దగ్గర చురుకుతనం కాపాడదు. బలం కాపాడదు. పదేళ్ల అలవాటు కూడా కాపాడదు. దూరం కాపాడుతుంది. బెల్టును కదలకుండా చేయడం కాపాడుతుంది.

కట్టు, జుట్టు

బెల్టు దగ్గరికి వెళ్లేటప్పుడు వేలాడేది ఏదీ ఉండకూడదు. చీర కొంగు నడుముకు చుట్టి దోపాలి. దాని మీద నిండు చేతుల చొక్కా తొడిగి గుండీలు పెట్టుకోవాలి. చాలామంది ఇప్పటికే పొలం పనికి ఇలా తొడుక్కుంటారు. చున్నీ వద్దు. జడ వేలాడనివ్వకుండా ముడి వేసి, తలగుడ్డ బిగించి కట్టాలి. గుడ్డ కొసలు లోపలికి దోపాలి. గాజులు, మెడలో వేలాడే దండలు తీసి ఇంట్లో పెట్టాలి. పుస్తెల తాడు తీయడం ఇష్టం లేకపోతే రవిక లోపల పడేట్టు వేసుకోవాలి.

కానీ ఒక మాట. కట్టు సరిగా ఉన్నంత మాత్రాన తిరిగే బెల్టు కింద చెయ్యి పెట్టవచ్చని కాదు. కట్టు రెండో జాగ్రత్త. మొదటి జాగ్రత్త బెల్టును ఆపడం.

ఆపితే చాలదా?

చాలదు. ఈ రోజు చెప్పుకునే మాటల్లో ఇదే ముఖ్యమైనది.

పొలంలో బోరు మోటారు గుర్తు తెచ్చుకోండి. దానికి ఆటో స్టార్టర్ పెడతారు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది. ఊరుకుంటుందా? కరెంటు వచ్చిన మరుక్షణం ఎవరూ మీట నొక్కకుండానే తిరుగుతుంది. ఆగింది కదా అని ఆ సమయంలో దాని మీద చెయ్యి వేసినవాళ్ల గతి ఏమిటో మీకు తెలుసు.

బెల్టు కూడా అంతే. ఆగిన బెల్టు మళ్లీ కదలడానికి నాలుగు దారులు ఉన్నాయి.

ఒకటి. కరెంటు పోయి ఆగితే, స్విచ్ వేసి ఉన్న మిషను కొన్నిచోట్ల కరెంటు రాగానే తిరుగుతుంది. కరెంటు లేని సమయం చూసి "ఇప్పుడు ఊడ్చేయండి" అని పంపడం అందుకే ప్రమాదం.

రెండు. స్టాప్ మీట నొక్కి ఆపితే, స్టార్ట్ మీట ఇంకొకరు నొక్కవచ్చు. మీట దగ్గర ఉన్న మనిషికి బెల్టు కింద ఎవరు ఉన్నారో కనిపించదు. అరిచినా ఆ మోతలో వినిపించదు. అతను చెడ్డవాడు కానక్కర లేదు. తెలియకపోవడం చాలు.

మూడు. ఏటవాలు బెల్టు మీద రాళ్లు ఉంటే, ఆ బరువుకు బెల్టు వెనక్కి జారవచ్చు. దీనికి కరెంటే అక్కర లేదు.

నాలుగు. బెల్టును బిగుతుగా ఉంచడానికి కొన్నిచోట్ల పెద్ద బరువు వేలాడదీస్తారు. ఆ బరువు కదిలితే బెల్టూ కదులుతుంది. ఆ బరువు కింద ఎన్నడూ నిలబడకూడదు.

అందుకే ఆగిన బెల్టు వేరు. కట్టేసిన బెల్టు వేరు. పడుకున్న ఎద్దును చూసి కట్టేసిన ఎద్దు అనుకోకూడదు కదా!

బెల్టును ఎలా కట్టేయాలి?

బెల్టుకు తలుగు తాళం. దాన్ని ఇలా వెయ్యాలి.

1. ముందు రాయి పోయడం ఆపాలి. బెల్టు మీద ఉన్న సరుకు అంతా పోనివ్వాలి. బెల్టు ఖాళీ కావాలి.

2. స్టాప్ మీట నొక్కాలి. బెల్టు పూర్తిగా ఆగేదాకా ఎదురు చూడాలి.

3. మెయిన్ స్విచ్ తీసివేయాలి. స్టాప్ మీట ఒక్కటే చాలదు. మీట నొక్కినా మెయిన్ దాకా కరెంటు వస్తూనే ఉంటుంది. ఈ పని మిషను నేర్చిన మనిషే చేయాలి. కానీ ఊడ్చేవాళ్లు దగ్గర ఉండి కళ్లారా చూడాలి.

4. మెయిన్ స్విచ్‌కు తాళం వేయాలి. ముగ్గురు బెల్టు కిందికి వెళ్తుంటే మూడు తాళాలు పడాలి. ఎవరి తాళం వారిది. ఎవరి చెవి వారి దగ్గర. ఇంట్లో తాళం చెవి కొంగున ముడి వేసుకోవడం అలవాటు. ఇక్కడ కొంగున వద్దు. రొంటిన దోపుకోండి. లేదా చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టండి.

5. తాళానికి ఒక చీటీ కట్టాలి. చీటీ మీద ఇలా రాయాలి:

పని జరుగుతోంది.
స్విచ్ వేయవద్దు.
పేరు:

ఆ మూడో వరుసలో ఎవరి పేరు వారే రాసుకోవాలి. ఆ పేరు ఉన్నంతసేపు బెల్టు కింద ఒక మనిషి ఉన్నట్టు లెక్క. హాజరు పుస్తకంలో వేసే సంతకం కూలి డబ్బుల కోసం. ఈ చీటీ మీద రాసే పేరు ప్రాణం కోసం.

6. తాళం వేశాక ఒకసారి స్టార్ట్ మీట నొక్కి చూడాలి. బెల్టు కదలకూడదు. కదిలితే తాళం తప్పు స్విచ్‌కు పడిందన్నమాట. ఒక మిల్లులో నాలుగైదు బెల్టులు ఉంటాయి. తప్పు జరగడం కష్టమేమీ కాదు. చూశాక మళ్లీ స్టాప్ మీట నొక్కి ఉంచాలి.

7. బెల్టు జారే చోట ఉంటే దాన్ని బిగించి కట్టాలి. వేలాడే బరువు ఉంటే దాన్ని కదలకుండా ఆపాలి. ఇది మెకానిక్ చేయవలసిన పని.

అప్పుడే పార పట్టుకుని లోపలికి వెళ్లాలి.

పని అయ్యాక మనుషులను లెక్క పెట్టాలి. పారలు, తట్టలు లెక్క పెట్టాలి. విప్పిన జాలీలు బిగించాలి. ఎవరి తాళం వారే తీయాలి. ఇంకొకరి తాళం తీయకూడదు. అందరూ బయటికి వచ్చాక సైరన్ కొట్టాలి. కాసేపు ఆగి అప్పుడు బెల్టు నడపాలి.

"రెండు నిమిషాల పని"

ఇదంతా వినడానికి బాగానే ఉంది. పనిచోట ఏం జరుగుతుంది? ఇలా జరుగుతుంది అనుకుందాం.

లారీ వచ్చి నిలబడింది. కింది పుల్లీ దగ్గర పొడి పేరుకుంది. మేస్త్రీ ఒక అక్కను పిలిచాడు.

"అమ్మా, ఆ పుల్లీ కాడ పొడి లాగెయ్. రెండు నిమిషాల పని."

"బెల్టు ఆపు అన్నా, తీస్తా."

"ఆపితే లారీ లేటవుతుంది. మొన్న తీయలేదా? ఏమైంది?"

ఇక్కడ ఆమెకు భయం వేస్తుంది. పుల్లీ గురించి కాదు. రేపు పనికి రావద్దంటే ఎలా అని. ఇంట్లో పిల్లలు ఉన్నారు. ఈ భయం అబద్ధం కాదు. ఒక్కతే నిలబడి కాదంటే ఆమె మీద కోపం వస్తుంది. ఊడ్చేవాళ్లు ఆరుగురూ కలిసి "బెల్టు ఆపితేనే తీస్తాం, తాళం వేస్తేనే తీస్తాం" అంటే అది ఒక మనిషి మాట కాదు. అది ఆ మిల్లు పద్ధతి అవుతుంది. ముందే మాట్లాడుకుని ఉండాలి. లారీ వచ్చి నిలబడ్డాక మాట్లాడుకోవడానికి టైము ఉండదు.

మేస్త్రీకి కూడా ఒక లెక్క చెప్పవచ్చు. తాళం వేసి, ఊడ్చి, తాళం తీస్తే కొంతసేపు పని ఆగుతుంది. ఒక మనిషి చెయ్యి పోతే పని ఎన్ని రోజులు ఆగుతుంది? బువ్వకు ఆగే గంట రోజూ ఉంది. ఊడ్చే పని ఆ గంటకు ముందో, తర్వాతో పెట్టుకోవచ్చు.

రాళ్లు అసలు ఎందుకు రాలుతున్నాయి?

ఇంకో ప్రశ్న అడగాలి. రోజూ ఇంత పొడి, ఇన్ని రాళ్లు కింద ఎందుకు పడుతున్నాయి? ఇల్లు కురుస్తుంటే గిన్నెలు పెట్టి ఊరుకుంటామా? కప్పు బాగు చేసుకుంటాం కదా!

రాయి బెల్టు మీద పడే చోట రెండు పక్కలా రబ్బరు పట్టీలు ఉంటాయి. అవి అరిగిపోతే రాళ్లు పక్కకు రాలుతాయి. పై పుల్లీ దగ్గర బెల్టును గీకే పట్టీ ఒకటి ఉంటుంది. అది అరిగితే పొడి బెల్టుకే అంటుకుని తిరిగి వస్తుంది. దారి పొడుగునా రాలుతుంది. బెల్టు ఒక పక్కకు జరిగినా సరుకు పడుతుంది. మోయగలిగిన దానికన్నా ఎక్కువ పోసినా పడుతుంది.

పట్టీలు మార్చి, బెల్టు సరిచేస్తే రాలడం తగ్గుతుంది. రాలడం తగ్గితే బెల్టు కిందికి వెళ్లే పని తగ్గుతుంది. ప్రమాదం పుల్లీ దగ్గర జరుగుతుంది. కానీ అది మొదలయ్యేది అరిగిన పట్టీ దగ్గర.

పక్కకు జరిగిన బెల్టును కర్రతోనో గడ్డపారతోనో తోయకూడదు. కర్ర లోపలికి పోతే పట్టుకున్న చెయ్యి కూడా పోతుంది. బెల్టు జారుతోందని పుల్లీ మీద చేత్తో ఇసుక, మట్టి చల్లకూడదు. బెల్టు మీద ఎక్కి నడవకూడదు. దాని కింద దూరి అవతలికి పోకూడదు. దాటడానికి మెట్ల వంతెన కట్టమని అడగాలి.

బెల్టు పెట్టేనాడే చూడవలసినవి

కొత్త బెల్టు బిగించేటప్పుడే కొన్ని పనులు కావాలి. తర్వాత చేద్దాం అంటే తర్వాత రాదు.

పుల్లీలకు రెండు పక్కలా, కింద కూడా ఇనుప జాలీ ఉండాలి. జాలీ కంతలో నుంచి వేలు పెట్టినా పుల్లీకి తగలకూడదు. పానా లేకుండా ఊడదీయడానికి రాకూడదు. మోటారు బెల్టుకు, గొలుసుకు కూడా మూత ఉండాలి.

గ్రీజు పెట్టే గొట్టాన్ని జాలీ బయటికి తేవాలి. అప్పుడు గ్రీజు కోసం జాలీ విప్పే పని ఉండదు.

బెల్టు పక్కన మనుషులు నడిచే వైపంతా ఒక తాడు ఉండాలి. ఎక్కడ నిలబడి లాగినా బెల్టు ఆగిపోవాలి. తాడు వదలగానే బెల్టు మళ్లీ తిరగకూడదు. ఎవరైనా వచ్చి చూసి, చేత్తో సరిచేశాకే నడవాలి. ఈ తాడు పనిచేస్తుందో లేదో అప్పుడప్పుడు లాగి చూడాలి. తాడు ఆపదలో బెల్టును ఆపడానికి. ఊడ్చేటప్పుడు తాడు లాగి సరిపెట్టుకోకూడదు. అప్పుడు తాళమే వేయాలి.

బెల్టు నడిచే ముందు సైరన్ మోగాలి. ఏటవాలు బెల్టుకు వెనక్కి జారకుండా పట్టే బ్రేకు ఉండాలి. మెయిన్ స్విచ్‌కు తాళం పట్టే కంత ఉండాలి. రాత్రి పని ఉంటే బెల్టు కింద లైటు ఉండాలి.

చట్టం ఏమంటుంది?

1948లో ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. యంత్రాల కదిలే భాగాలకు కంచె ఉండాలని ఆ చట్టం చెప్పింది. తిరిగే భాగాల వల్ల దెబ్బ తగిలే అవకాశం ఉంటే, ఆడవాళ్ల చేత ఆ యంత్రాన్ని తుడిపించకూడదని, నూనె పెట్టించకూడదని దాని 22వ సెక్షనులో రాశారు. అంటే ఈ ప్రమాదం సంగతి అప్పటికే అందరికీ తెలుసు.

ఇప్పుడు ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఉంది. పార్లమెంటు దీన్ని 2020లో ఆమోదించింది. 2025 నవంబరు 21 నుంచి ఇది అమలులోకి వచ్చింది. పనిచోట ప్రమాదం లేకుండా చూసే బాధ్యత యజమానిదే అని ఈ కోడ్ చెబుతోంది. భద్రత గురించి అడిగి తెలుసుకునే హక్కు పనివాళ్లకు ఉంది. ప్రాణానికి ముప్పు ఉందని అనిపిస్తే యజమానికి చెప్పవచ్చు. ఇన్‌స్పెక్టరుకు కూడా చెప్పవచ్చు. పనివాళ్లకూ ఒక బాధ్యత ఉంది. భద్రత కోసం పెట్టిన వాటిని పాడు చేయకూడదు. జాలీ అడ్డంగా ఉందని ఊడదీసి పక్కన పడేయకూడదు.

పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం అడిగే హక్కు 1923 నాటి చట్టం నుంచీ ఉంది. మేస్త్రీ తీసుకొచ్చిన కూలీ అయినా ఆ హక్కు పోదు. అయితే పనిచేసినట్టు రుజువు కావాలి. పనికి వెళ్లిన తేదీలు, ఇచ్చిన కూలి ఒక నోటు పుస్తకంలో ఏ రోజుకారోజు రాసుకోండి.

ఎవరైనా చిక్కుకుంటే

మొదట తాడు లాగాలి. లేదా స్టాప్ మీట నొక్కాలి. ఆ తర్వాత మెయిన్ తీసి తాళం వేయాలి. చిక్కుకున్న మనిషిని పట్టి లాగకూడదు. మోటారును వెనక్కి తిప్పించకూడదు. రెండు విధాలా గాయం పెద్దదవుతుంది. బెల్టు వదులు చేసి, లేదా కోసి మనిషిని తీయాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టాలి. 108కి ఫోను చేయాలి. ఈ నంబరు స్విచ్ బోర్డు పక్కన పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలి.

వేలు తెగి పడితే పారేయకూడదు. శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టాలి. ఆ సంచిని ఐసు మీద ఉంచాలి. ఐసు వేలికి నేరుగా తగలకూడదు. దాన్ని మనిషితో పాటే ఆసుపత్రికి పంపాలి.

కలిసి చదవండి, మాట్లాడుకోండి

బెల్టు దగ్గర పనిచేసే అక్కలు ఈ ప్రశ్నలు మిగతావాళ్లకు చదివి వినిపించండి.

1. మీ మిల్లులో కింది పుల్లీకి జాలీ ఉందా?
2. ఆపే తాడు ఎక్కడ ఉంది? లాగితే పనిచేస్తుందా?
3. మెయిన్ స్విచ్ ఏ బెల్టుకు ఏది? పేర్లు రాసి ఉన్నాయా?
4. ఊడ్చేటప్పుడు బెల్టు ఆపుతున్నారా? తాళం వేస్తున్నారా?
5. రాళ్లు ఎక్కువగా రాలే చోటు ఏది? అక్కడ ఏ పట్టీ అరిగింది?

ఒక దానికి "లేదు" అని జవాబు వచ్చినా యజమానికి చెప్పవలసిన పని ఒకటి ఉన్నట్టే. నోటితో చెబితే గాలికి పోవచ్చు. కాగితం మీద రాయండి. తేదీ వేయండి. కింద అందరూ సంతకాలు పెట్టండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.